ఆసియా కప్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు: అపోహలు, వాస్తవాలు

పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే వృత్తిలో ఉన్నందువల్ల మన జాతీయ జట్టు గత వైభవం గురించి తల్లిదండ్రులు, పాత ఆటగాళ్లు, కొత్త అభిమానులు చెప్పే మాటలు నిత్యం వింటూ ఉంటాను. ఆ మాటల్లో అభిమానం నిండుగా ఉంటుంది గాని, ఏ పోటీలో ఏ సంవత్సరం ఏం జరిగిందన్న దగ్గరికి వచ్చేసరికి సంగతులన్నీ కలగాపులగమైపోతాయి. ఆసియా కప్ విషయంలో ఇది మరీ ఎక్కువ. ఒకప్పుడు ఖండమంతా మనదేనని చెప్పేవారూ, మనకు చరిత్రే లేదని కొట్టిపారేసేవారూ ఇద్దరూ లెక్క చూడకుండానే మాట్లాడుతున్నారు. ఆ లెక్క ఇది: భారత్ ప్రధాన పోటీలో ఆడింది ఐదుసార్లు, అంటే 1964, 1984, 2011, 2019, 2023 ఆసియా కప్‌లలో. మొత్తం 16 మ్యాచ్‌లలో 3 గెలిచి, 1 డ్రా చేసుకుని, 12 ఓడిపోయింది. 12 గోల్స్ కొట్టి, 33 సమర్పించుకుంది.

అపోహ: భారత్ రెండుసార్లు ఆసియా కప్ గెలిచింది.

వాస్తవం: ఒక్కసారి కూడా గెలవలేదు. జనం గుర్తుపెట్టుకున్న ఆ రెండు విజయాలు ఆసియా క్రీడల్లోవి. 1951లో న్యూఢిల్లీలో ఇరాన్‌ను 1-0తోనూ, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తోనూ ఓడించి భారత జట్టు స్వర్ణ పతకాలు సాధించింది. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ అనేక ఆటల్లో ఒకటి కాగా, ఆసియా కప్ కేవలం ఫుట్‌బాల్ కోసం 1956లో హాంకాంగ్‌లో మొదలై, నాలుగేళ్లకోసారి జరుగుతూ వచ్చిన ఖండ స్థాయి ఛాంపియన్‌షిప్. ఇక్కడ నన్ను నిజంగా బాధించే సంగతి ఒకటుంది. 1956లోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత ఆరేళ్లకు జకార్తాలో స్వర్ణం గెలిచింది. మన ఆట అంత బలంగా ఉన్న ఆ కాలంలోనే జరిగిన మొదటి రెండు ఆసియా కప్‌లలోనూ మనం లేము. అందుకే స్వర్ణయుగం పేరు చెప్పి ఆసియా కప్ రికార్డును పొగడటమూ, ఆసియా కప్ రికార్డును చూపించి స్వర్ణయుగాన్ని తక్కువ చేయడమూ రెండూ పొరపాటే.

అపోహ: 1964 ఆసియా కప్ ఫైనల్లో ఇజ్రాయెల్ చేతిలో ఓడి రెండో స్థానంతో సరిపెట్టుకున్నాం.

వాస్తవం: రెండో స్థానం నిజమే గాని, ఆ పోటీలో ఫైనల్ అన్నదే లేదు. ఆతిథ్య దేశం ఇజ్రాయెల్, భారత్, దక్షిణ కొరియా, హాంకాంగ్ మాత్రమే పాల్గొన్నాయి; నాలుగు జట్లూ ఒకదానితో ఒకటి ఒక్కోసారి తలపడగా, ఎక్కువ పాయింట్లు వచ్చిన జట్టు విజేతగా నిలిచింది. మే 27న మన జట్టు దక్షిణ కొరియాను 2-0తో ఓడించింది. అంతకుముందు జరిగిన రెండు ఆసియా కప్‌లనూ గెలిచిన జట్టు అది. ఆ మ్యాచ్ రెండో నిమిషంలోనే కె. అప్పలరాజు కొట్టిన గోల్ ఆసియా కప్ ప్రధాన పోటీలో భారత్‌కు మొట్టమొదటి గోల్. రెండోది ఇందర్ సింగ్ సాధించాడు. అప్పలరాజు పేరు మన తెలుగు పిల్లల్లో ఎవరికీ తెలియకపోవడం నాకు కష్టంగా అనిపిస్తుంది. మే 29న ఇజ్రాయెల్‌తో 0-2తో ఓడాం. జూన్ 2న హాంకాంగ్‌పై ఇందర్ సింగ్, సమాజ్‌పతి, కెప్టెన్ చునీ గోస్వామి తలా ఒక గోల్ కొట్టగా 3-1తో గెలిచాం. ఆ సాయంత్రానికి ఇజ్రాయెల్‌కూ మనకూ సమానంగా నాలుగేసి పాయింట్లున్నాయి (అప్పట్లో గెలుపుకు రెండు పాయింట్లే). మర్నాడు ఇజ్రాయెల్ దక్షిణ కొరియాను 2-1తో ఓడించేదాకా కప్ ఎవరిదో తేలలేదు.

ఈ కథలో చాలామంది చెప్పని భాగం కూడా చెప్పాలి. అప్పటి రాజకీయ పరిస్థితుల్లో అనేక దేశాలు ఆ పోటీ నుంచి తప్పుకున్నాయి. మన జోన్‌లోని మిగతా జట్లు వైదొలగడంతో భారత్ ఒక్క అర్హత మ్యాచ్ కూడా ఆడకుండానే ప్రధాన పోటీకి చేరింది. దీనివల్ల కొరియాపై గెలుపు విలువ తగ్గదు. అయితే నాలుగు జట్లలో రెండో స్థానానికీ, ఇప్పటి ఇరవై నాలుగు జట్లలో రెండో స్థానానికీ మధ్య ఉన్న తేడాను పిల్లలకు దాచకుండా చెప్పాలని నా అభిప్రాయం.

అపోహ: 1964 జట్టుకు శిక్షకుడు రహీం సాబ్.

వాస్తవం: హైదరాబాద్‌లో ఈ మాట తరచుగా వినిపిస్తుంది, ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. రెండు ఆసియా క్రీడల స్వర్ణాలూ, మెల్‌బోర్న్ నాలుగో స్థానమూ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో వచ్చినవే. అయితే ఆయన 1963 జూన్‌లోనే కన్నుమూశారు. 1964లో జట్టుకు శిక్షకుడు ఆంగ్లేయుడైన హ్యారీ రైట్. ఆటగాళ్లలో పలువురు రహీం తీర్చిదిద్దినవారే కాబట్టి ఆయన ముద్ర ఆ జట్టుపై ఉందనడం న్యాయమే.

అపోహ: 1984లో సింగపూర్‌లో ఒక్క గోల్ కూడా కొట్టలేదు కాబట్టి ఆ పోటీలో చెప్పుకోదగ్గదేమీ లేదు.

వాస్తవం: సింగపూర్‌తో 0-2, యూఏఈతో 0-2, చైనాతో 0-3తో ఓడి గ్రూపులో అట్టడుగున నిలిచిన మాట నిజం. ఇరవై ఏళ్ల తర్వాత దక్కిన అవకాశం అది. ఈసారి దానిని అర్హత పోటీల్లో ఆడి సంపాదించుకున్నారు. మిలోవాన్ చిరిచ్ శిక్షణలోని ఆ జట్టు, చివరకు సెమీఫైనల్ దాకా వెళ్లిన ఇరాన్‌ను 0-0తో నిలువరించింది. ఈనాటికీ ఆసియా కప్‌లో మనకున్న ఏకైక డ్రా అదే.

అపోహ: 2011 ఆసియా కప్ కోసం ఖతార్ రాజధాని దోహాకు అదృష్టం కొద్దీ వెళ్లాం.

వాస్తవం: 2008లో ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) ఛాలెంజ్ కప్ గెలవడం ద్వారా వెళ్లాం. మన గ్రూపు మ్యాచ్‌లు జరిగింది హైదరాబాద్‌లోనే; ఢిల్లీలో జరిగిన ఫైనల్లో సునీల్ ఛెత్రి హ్యాట్రిక్‌తో తజికిస్తాన్‌ను 4-1తో ఓడించాం. దోహాలో ఆస్ట్రేలియా, బహ్రెయిన్, దక్షిణ కొరియా చేతుల్లో మూడు మ్యాచ్‌లూ ఓడినా, బహ్రెయిన్‌పై గౌరమాంగి సింగ్ కొట్టిన గోల్ 1964 తర్వాత ఈ పోటీలో మనకు వచ్చిన తొలి గోల్.

అపోహ: 2019లో థాయ్‌లాండ్‌పై 4-1 గెలుపు ఒక్కరోజు మెరుపు, బహ్రెయిన్‌తో ఓటమికి చివరి నిమిషం పెనాల్టీయే కారణం.

వాస్తవం: థాయ్‌లాండ్ మ్యాచ్‌లో ఛెత్రి రెండు, అనిరుధ్ థాపా, జేజే ఒక్కొక్క గోల్ కొట్టారు, అది 55 ఏళ్ల తర్వాత ఆసియా కప్‌లో మన తొలి గెలుపు. తర్వాతి మ్యాచ్‌లో యూఏఈతో 0-2తో ఓడినా అవకాశాలు సృష్టించుకుంటూ ధైర్యంగా ఆడాం. చివరి మ్యాచ్‌లో బహ్రెయిన్‌తో డ్రా చేసుకుంటే చాలు, గ్రూపులో రెండో స్థానంతో నాకౌట్ చేరేవాళ్లం. మొదటి నిమిషాల్లోనే డిఫెండర్ అనస్ గాయపడి బయటకు వెళ్లాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆట సాగేకొద్దీ జట్టు వెనక్కి, ఇంకా వెనక్కి జరిగింది. బాక్సులోంచి బయటకు కొట్టిన బంతిని ముందర నిలబెట్టుకునేవారు లేకపోవడంతో, అది వెంటనే తిరిగి మన మీదికే వచ్చేది. డిఫెన్సుకు ఊపిరి పీల్చుకునే సమయం దొరకలేదు. తొంభై నిమిషాలు ముగిశాక కలిపిన ఇంజురీ టైమ్ మొదటి నిమిషంలో పెనాల్టీ వచ్చింది, గోల్ పడింది, 0-1తో ఇంటికి వచ్చాం. ఆ పెనాల్టీకి ఒక్క ఆటగాడిని తప్పుపట్టడం నాకు ఎన్నడూ సరిగా తోచలేదు. అంతసేపు సొంత బాక్సులోనే బంతిని తిప్పికొడుతూ ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి కాలు ఆలస్యం కావడం ఖాయం. నా దగ్గర శిక్షణ పొందే పిల్లలకు ఆ మ్యాచ్ రెండో సగాన్ని ఆపి ఆపి చూపిస్తాను.

అపోహ: జట్ల సంఖ్య 24కు పెరిగింది కాబట్టి ఇకపై అర్హత సాధించడం సులువు.

వాస్తవం: 2023 పోటీకి, అది ఖతార్‌లో జరిగింది 2024 జనవరి, ఫిబ్రవరి నెలల్లో, కోల్‌కతాలో మూడు అర్హత మ్యాచ్‌లూ గెలిచి వెళ్లాం. అక్కడ ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాలతో ఆడి ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయాం. 2027 పోటీ చివరి దశ అర్హత మ్యాచ్‌లలో మన గ్రూపులో ఉన్నవి హాంకాంగ్, సింగపూర్, బంగ్లాదేశ్. గ్రూపులో మొదటి స్థానం వచ్చిన జట్టుకే అర్హత. షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0తో ఆగిపోయాం, హాంకాంగ్‌లో 0-1తో ఓడాం, 2025 అక్టోబరులో మడ్‌గావ్‌లో సింగపూర్ చేతిలో 1-2తో ఓడటంతో దారి మూసుకుపోయింది. 1964లో మనతో ఆడి మూడు గోల్స్ ఇచ్చుకున్న హాంకాంగ్, 1984లో ఆతిథ్య జట్టుగా ఆడిన సింగపూర్ ఈసారి పాయింట్ల పట్టికలో మనకంటే పైన నిలిచాయి.