హెడ్‌ఫోన్స్‌లో బేస్ గిటార్ సాధన: నేర్చుకుంటున్న పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో కొందరు ఈ మధ్యనే బేస్ గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టారని, అపార్ట్‌మెంట్లలో ఉంటున్నందువల్ల హెడ్‌ఫోన్స్ పెట్టుకొనే సాధన చేయవలసి వస్తోందని, అది అసలైన సాధన కాదేమోనన్న బెంగ మీకు ఉందని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ బెంగ అవసరం లేదు. హెడ్‌ఫోన్స్‌లో మీ వేళ్ల పనితనం వినబడినంత స్పష్టంగా మరే పద్ధతిలోనూ వినబడదు. అయితే మంద్రస్థాయి స్వరాలు చెవిని తేలికగా మభ్యపెడతాయి. ఆ సంగతి తెలియకపోతే ఇదే సాధన వినికిడికి హాని చేస్తుంది. ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ఈ రెండు విషయాల గురించే.

ఇంట్లో వేణువు వాయించేవారికి రాని ఫిర్యాదు బేస్ వాయించేవారికి ఎందుకు వస్తుందో ముందుగా తెలుసుకోండి. అన్నిటికంటే లావైన ఇ తీగను ఖాళీగా మీటితే అది సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. గాలిలో ఆ స్వరపు తరంగం పొడవు ఎనిమిది మీటర్లకు పైగా ఉంటుంది. మన పడకగదుల పొడవు అందులో సగం ఉంటే గొప్ప. స్వరం స్థాయి తగ్గేకొద్దీ గోడకు దాన్ని ఆపే శక్తి కూడా తగ్గుతుంది కనుక, పక్క ఫ్లాట్ వారికి మీ పాటలోని గొంతు వినబడదు గాని బేస్ మాత్రం వినబడుతూనే ఉంటుంది. నేల మీద పెట్టిన స్పీకర్ అయితే శ్లాబు ద్వారా క్రింది అంతస్తుకు కూడా చేరుతుంది. గోడలకు గుడ్ల అట్టలు అంటించినా, మందపాటి పరదాలు కట్టినా గదిలో ప్రతిధ్వని కొంత తగ్గవచ్చునే తప్ప ఈ స్వరాలు ఆగవు. ఆ పనికి డబ్బు ఖర్చు పెట్టకండి. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆ నిబంధన లేకపోయినా, గోడకు అవతల ఒక పసిబిడ్డ నిద్రపోతూ ఉండవచ్చునన్న ఆలోచన మనకు ఉండాలి.

మీ చేతిలోని వాద్యం స్వభావరీత్యా పెద్దగా చప్పుడు చేసేది కాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను మార్కెట్‌లోకి తెచ్చినప్పుడు, నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్‌కు బదులుగా గట్టి చెక్కపలకతో చేసిన చిన్న వాద్యం వచ్చింది. దానికి శబ్దాన్ని పెంచే బోలు పెట్టె లేదు. తీగ కదలినప్పుడు దాని క్రింద ఉన్న పికప్‌లో, అంటే అయస్కాంతమూ దాని చుట్టూ చుట్టిన సన్నని రాగి తీగా ఉన్న భాగంలో, చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. ఆ సంకేతమే మన సంగీతం. అది స్పీకర్‌కు వెళ్లినా హెడ్‌ఫోన్స్‌కు వెళ్లినా సంగీతంగా తక్కువైపోదు. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ అనే పాటల రికార్డుల సంస్థ, ఒక పాత ఇంటినే స్టూడియోగా మార్చుకొని, 1960లలో పాటలు రికార్డు చేసినప్పుడు, అక్కడి వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ బేస్ చాలావరకు యాంప్లిఫయర్ ముందు మైకు పెట్టకుండా, తీగ ద్వారా నేరుగా మిక్సింగ్ బల్లలోకే వెళ్లింది. ఆయన కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవారు. నున్నని ఫ్లాట్‌వౌండ్ తీగలు వాడేవారు. ప్రపంచమంతా విన్న ఆ బేస్ వెనుక గది అదిరేంత చప్పుడు లేదన్న సంగతి గుర్తుంచుకోండి.

ఇక కలపడం సంగతి. హెడ్‌ఫోన్స్‌ను తెచ్చి నేరుగా గిటార్‌కు గుచ్చితే దాదాపు ఏమీ వినబడదు, ఎందుకంటే పికప్ సంకేతానికి వాటిని నడిపించేంత బలం లేదు. మధ్యలో ఏదో ఒక యాంప్లిఫయర్ ఉండాలి. గిటార్ జాక్‌లోనే అమరిపోయే బొటనవేలంత యాంప్లిఫయర్లు దొరుకుతాయి. వాక్స్ సంస్థ ఆంప్లగ్ అటువంటిదే. చిన్న ప్రాక్టీస్ యాంప్ ఉంటే చాలావాటికి హెడ్‌ఫోన్ సాకెట్ ఉంటుంది, అందులో పిన్ను పెట్టగానే స్పీకర్ మూగబోతుంది. కంప్యూటర్ ఉన్నవారు ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే గిటార్ సంకేతాన్ని కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె, కొనుక్కోవచ్చు. దానిలో ఇన్‌స్ట్రుమెంట్ అని రాసి ఉన్న ఇన్‌పుట్‌కే గిటార్‌ను కలపాలి. ల్యాప్‌టాప్ మైకు సాకెట్ ఇందుకు తగదు. అందులో స్వరం పలచబడి, తీగల చురుకుదనం పోతుంది. శబ్దం ఒక చెవిలోనే వస్తుంటే మధ్యలో మోనో అడాప్టర్ పెట్టారేమో చూసుకోండి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ మాత్రం వద్దు. పాట వినడానికి అవి బాగానే ఉంటాయి గాని, మామూలు బ్లూటూత్‌లో మీటిన క్షణానికీ వినబడిన క్షణానికీ మధ్య 150 మిల్లీసెకన్లో అంతకన్నా ఎక్కువో ఆలస్యం కావడం సాధారణం. నిమిషానికి 100 దెబ్బల లయలో ఒక దెబ్బను నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగం సరిగ్గా 150 మిల్లీసెకన్లే. అంటే మీరు మీటిన స్వరం తాళంలో ఒక పూర్తి స్థానం జరిగిపోయి చెవికి చేరుతుంది. లయను నిలబెట్టవలసిన వాద్యం అలా వినబడితే, చేయి తనకు తెలియకుండానే ముందుకు పరుగెత్తడం అలవాటు చేసుకుంటుంది. వైరు ఉన్నవి, చెవి మొత్తాన్ని కప్పే వెనుక మూసి ఉన్న హెడ్‌ఫోన్స్ తీసుకోండి. అవి ఫ్యాను చప్పుడునూ వీధి రొదనూ కొంత అడ్డుకుంటాయి కనుక తక్కువ వాల్యూమ్‌తోనే పని జరుగుతుంది.

ఇప్పుడు నేను చెవి గురించి చెప్పేది శ్రద్ధగా చదవండి. మన చెవికి అన్ని స్థాయిల స్వరాలూ సమానంగా వినబడవు. ఈ విషయాన్ని అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు కొలిచి 1933లో ప్రకటించారు. 1000 హెర్ట్జ్ స్వరం, అంటే సెకనుకు 1000 సార్లు కంపించేది, రెండు మూడు డెసిబెల్స్ ఉంటే చాలు, ఆరోగ్యవంతమైన చెవికి అందుతుంది; 40 హెర్ట్జ్ స్వరం కనీసం వినబడాలన్నా సుమారు 50 డెసిబెల్స్ కావాలి. వాల్యూమ్ పెంచినకొద్దీ ఈ తేడా తగ్గుతుంది కనుక, పెద్దగా పెట్టినప్పుడే బేస్ నిండుగా ఉన్నట్లు అనిపిస్తుంది. మిమ్మల్ని వాల్యూమ్ బటన్ వైపు లాగేది ఇదే. స్పీకర్ ముందు నిలబడితే మంద్రస్వరం ఛాతీకి కూడా తగులుతుంది, హెడ్‌ఫోన్స్‌లో ఆ తాకిడి ఉండదు. ఆ లోటును పూరించుకోవడానికి ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పెంచుతారు. పెంచినప్పుడు పెరిగేది ఇ తీగ ఒక్కటే కాదు. దానితో పాటు మీరు కలిపి వాయిస్తున్న పాటలోని సింబల్స్ (డ్రమ్స్‌తో పాటు మోగే లోహపు పళ్లేలు), గొంతులు, తీగ మీద గోరు తగిలిన చప్పుడు అన్నీ పెరిగి చెవిలో పడతాయి.

పిల్లలకు వారానికి 40 గంటలు వినేట్లయితే 75 డెసిబెల్స్, పెద్దలకు 80 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి మూడు డెసిబెల్స్ పెరుగుదలకూ సురక్షితంగా వినగల సమయం సగానికి తగ్గిపోతుంది: పిల్లలకు 78 దగ్గర 20 గంటలు, 81 దగ్గర 10 గంటలు, 84 దగ్గర 5 గంటలు మాత్రమే. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు ఒకసారి నశిస్తే మనుషులలో మళ్లీ మొలవవు. సంగీతం నేర్చుకోవడానికి కూర్చున్న పిల్లలు అదే సంగీతం వినే శక్తిని పోగొట్టుకోవడం నేను తట్టుకోలేని విషయం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చేయవలసింది కష్టమైనది కాదు. వాల్యూమ్‌ను సున్న దగ్గర మొదలుపెట్టి, స్వరం స్పష్టంగా తెలిసేంతవరకే పెంచి అక్కడ ఆపండి. పక్కన కూర్చున్నవారు మామూలుగా పిలిస్తే మీకు వినబడాలి. పాటలో మీ బేస్ మునిగిపోతుంటే బేస్‌ను పెంచకండి, పాటను తగ్గించండి. నిండుదనం కోసం బేస్ నాబ్‌ను చివరిదాకా తిప్పకండి. గిటార్ చెక్క మీ పక్కటెముకలకు ఆనేటట్లు పట్టుకుంటే కంపనం ఎముకల ద్వారా ఒంటికి తెలుస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో లేని ఆ తాకిడి కొంతవరకు ఇలా దొరుకుతుంది. మీ మెదడు కూడా మీకు సాయం చేస్తుంది. ఇ తీగ మీటినప్పుడు 41 హెర్ట్జ్‌తో పాటు 82, 123 హెర్ట్జ్‌ల వంటి అనుస్వరాలు, అంటే మూలస్వరానికి రెట్లుగా పలికే సన్నని పైస్వరాలు, కూడా పుడతాయి. చిన్న హెడ్‌ఫోన్స్ మూలస్వరాన్ని సరిగా పలికించలేకపోయినా, ఈ అనుస్వరాల వరుసను బట్టి మెదడు దాన్ని తనంతట తానే గుర్తిస్తుంది. శ్రుతి చక్కగా కుదిరిన తంబూరాలో ఎవరూ మీటని స్వయంభూ గాంధారం వినబడుతుందని మన సంగీత విద్యార్థులకు తెలుసు; అది కూడా అనుస్వరమే. చిన్నగా పెట్టుకొని, ఓపికగా వింటే నాలుగైదు రోజులలో చెవి సర్దుకుంటుంది. సాధన అయ్యాక చెవుల్లో గుయ్ మన్నా, మాటలు దూది అడ్డుపెట్టినట్లు వినబడినా, మరుసటి రోజు హెడ్‌ఫోన్స్ ముట్టుకోవద్దు. తరచూ అలా జరిగితే ఇంట్లో దాచకుండా చెప్పి, చెవి వైద్యుడి దగ్గరకు వెళ్లండి.

ఇక వేళ్ల పని. లయకు దెబ్బలు కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దగ్గర పెట్టి, ఒక స్వరాన్ని మీటి, రెండు దెబ్బలు మోగనిచ్చి, మూడో దెబ్బ పడే క్షణంలో ఆపి, మరో రెండు దెబ్బలు మౌనంగా ఉండండి. ఇది చాలా తేలికగా కనిపిస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో వింటే మాత్రం మీ మౌనం మౌనం కాదని వెంటనే తెలిసిపోతుంది: ఆపిన తీగ ఇంకా సన్నగా పలుకుతూ ఉంటుంది, వేలు ఎత్తిన చోట ఖాళీ తీగ మోగుతుంది, పక్క తీగ తోడు పాడుతుంది. డి తీగ మీద 7వ ఫ్రెట్ (గిటార్ మెడకు అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర ఎ స్వరం వాయించి చూడండి. మీరు తాకని ఎ తీగ కూడా కదలడం మొదలుపెడుతుంది, ఎందుకంటే మీరు మీటిన 110 హెర్ట్జ్ స్వరం ఆ 55 హెర్ట్జ్ తీగకు రెండింతల అనుస్వరం. గదిలో స్పీకర్ పెట్టి వాయిస్తే ఈ చిన్న మోతలన్నీ గది గుంయ్‌కారంలో కలిసిపోతాయి. వేదిక మీద మాత్రం అవే పెద్దవై బేస్‌ను బురదమయం చేస్తాయి. అందుకని కుడిచేతి బొటనవేలిని మీటని క్రింది స్థాయి తీగల మీద ఆనించి ఉంచండి, ఎడమచేతి మిగిలిన వేళ్లను పైస్థాయి తీగలపై తేలికగా పరిచి ఉంచండి. స్వరం ఎప్పుడు మొదలైందన్నది అందరూ చూస్తారు. ఎప్పుడు ఆగిందన్న దాని మీద శ్రద్ధ ఉన్నవారే మంచి బేస్ వాద్యకారులవుతారని నా నమ్మకం.

చూపుడు వేలు, మధ్యవేలు మార్చి మార్చి మీటేటప్పుడు రెండిటి ధ్వనీ ఒకేలా ఉందో లేదో కళ్లు మూసుకొని వినండి. ఎడమచేతి వేలిని ఫ్రెట్‌కు సరిగ్గా వెనుక ఆనిస్తే తక్కువ బలంతోనే స్వరం శుభ్రంగా పలుకుతుంది. యాంప్ లేకుండా ఒట్టి తీగలనే వాయించుకోవడం అలవాటైనవారు, వినబడటం లేదని తీగలను బలంగా లాగి చేతిని మొరటు చేసుకుంటారు. హెడ్‌ఫోన్స్ ఉన్నప్పుడు ఆ అవసరమే ఉండదు కనుక నెమ్మదిగా మీటడం నేర్చుకోండి. రోజూ కొంతసేపు వినడానికే కేటాయించండి. ఇళయరాజా గారి తెలుగు పాట ఏదైనా తీసుకొని, మొదటి నుంచి చివరి వరకు బేస్‌ను మాత్రమే వెంబడించండి. అది మూలస్వరాలతో సరిపెట్టుకోకుండా తనదంటూ ఒక రాగాలాపన చేస్తూ పోవడం మీకు తెలుస్తుంది. ముందు దాన్ని నోటితో పాడి, తరువాతే వాయించండి.

హెడ్‌ఫోన్స్‌లో గుమ్మని ఆగకుండా వచ్చే శబ్దం గురించి చాలామంది కంగారు పడతారు. అది చాలావరకు కరెంటు నుంచి వచ్చేదే; మన విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్. ఇ తీగ 3వ ఫ్రెట్ దగ్గర పలికే జి స్వరం 49 హెర్ట్జ్. రెండూ ఇంత దగ్గరగా ఉన్నందువల్ల ఆ గుమ్మనే శబ్దం జి స్వరాన్ని కలుషితం చేస్తుంది. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి, చాలాసార్లు అక్కడే తగ్గుతుంది. తీగలను తాకినప్పుడు ఒంట్లో జివ్వుమంటే మాత్రం వెంటనే అన్నీ ఆపివేసి, ఇంటి ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో చూపించమని పెద్దలకు చెప్పండి. మూడు పిన్నుల ప్లగ్‌కు ఎర్త్ పిన్ను తీసేసి వాడటం ఎంతమాత్రం వద్దు.

చివరగా, హెడ్‌ఫోన్స్ నేర్పలేనిది కూడా ఒకటి ఉంది. మీ స్వరం చెవిలోనే పలుకుతున్నంతకాలం, నలుగురి మధ్య దానికి ఎంత చోటు ఇవ్వాలో తెలియదు. కనుక వీలైన వారాంతపు మధ్యాహ్నం, పొరుగువారికి ముందే చెప్పి, యాంప్‌ను నేల మీద కాకుండా కుర్చీ మీద పెట్టి, డ్రమ్స్ నేర్చుకుంటున్న స్నేహితుడినో స్నేహితురాలినో పిలిచి గంటసేపు కలిసి వాయించండి. వారి కుడికాలు బేస్ డ్రమ్ పెడల్‌ను నొక్కే క్షణాన్నే చూస్తూ, మీ స్వరం సరిగ్గా ఆ దెబ్బ మీదే పడేట్లు ప్రయత్నించండి. మొదట రెండు స్వరాలతో, ఒకే లయలో చాలు.

మీ క్షేమం కోరుతూ,
మీ పెదనాన్న