సెట్టింగ్ రాసింది నేను, చెల్లింది ఎక్స్‌టెన్షన్‌ది

కోడ్ ఎడిటర్‌కు కొత్త ఎక్స్‌టెన్షన్ (అదనపు సౌకర్యాలిచ్చే చిన్న ప్రోగ్రామ్) వేసుకోగానే ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ కోడ్ రూపు మారిపోతోందని, ఒక్క కామా సరిచేద్దామని తెరిస్తే కమిట్‌లో (మార్పుల నమోదులో) వందల వరసలు మారినట్టు కనిపిస్తున్నాయని డెవలపర్ల మధ్య గొడవ మళ్లీ మొదలైంది. "నేను ఆఫ్‌లో పెట్టుకున్నాను కదా, ఆన్ చేసిందెవరు?" అన్నదే అందరి ప్రశ్న. ప్రశ్న పాతదే. ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్నది మైక్రోసాఫ్ట్ వారి ఎడిటర్ వీఎస్ కోడ్ వాడేవాళ్ల దగ్గర.

వీఎస్ కోడ్ ఎలా పెరిగిందో, ఎక్స్‌టెన్షన్లు లేకుండా దానితో పని ఎందుకు సాగదో చెప్పుకోనక్కర్లేదు. గొడవ అర్థం కావాలంటే ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఒకే సెట్టింగుకు మూడు నాలుగు చోట్ల వేర్వేరు విలువలు ఉంటే ఎడిటర్ ఎవరి మాట వింటుంది?

చాలామంది వేలు చూపించేది 2021 డిసెంబర్‌లో వచ్చిన 1.63 వెర్షన్ వైపు. అంతకుముందు ఎక్స్‌టెన్షన్ తన సొంత సెట్టింగులకు డిఫాల్ట్ (మనం ఏమీ రాయకపోతే పనిచేసే విలువ) ఇచ్చుకునేది. అది కాక, ఏదైనా ఒక భాష ఫైళ్లకు మాత్రమే ఎడిటర్ డిఫాల్ట్‌లను మార్చగలిగేది. 1.63తో భాషతో సంబంధం లేని సెట్టింగుల డిఫాల్ట్‌లను కూడా మార్చే వీలు కలిగింది. దానికి ఇచ్చిన ఉదాహరణే ఆటోసేవ్: వేరే చోటికి ఫోకస్ మారగానే ఫైలు దానంతటదే సేవ్ అయ్యేలా ఒక ఎక్స్‌టెన్షన్ డిఫాల్ట్‌ను మార్చేయవచ్చు. మొత్తం అప్లికేషన్‌కో, మెషీన్‌కో సంబంధించిన సెట్టింగుల జోలికి మాత్రం పోనివ్వలేదు.

ఈ నిర్ణయాన్ని తప్పుపట్టేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ అసలు మలుపు అక్కడ లేదు. 2021లో తెరిచిన తలుపును మనమే వేసుకోవచ్చు. డిఫాల్ట్ అన్నది అట్టడుగు పొర. దాన్ని ఏ ఎక్స్‌టెన్షన్ మార్చినా, మన సెట్టింగ్స్ ఫైలులో 'ఆటోసేవ్ ఆఫ్' అని ఒక్క వరస రాస్తే మన మాటే చెల్లుతుంది. ఏమీ రాయనివాళ్లకే అక్కడ నష్టం.

రాసినవాడి మాట కూడా చెల్లకుండా చేసిన నిర్ణయం వేరే ఉంది, అది 1.63 కంటే ముందుది. వీఎస్ కోడ్ పొరల వరస ఇలా ఉంటుంది: ముందు మామూలు డిఫాల్ట్, దాని మీద మన యూజర్ సెట్టింగ్, ఆ పైన వర్క్‌స్పేస్‌ది, అంటే తెరిచిన ప్రాజెక్టుకు మాత్రమే రాసుకున్నది. భాషను బట్టి ఇచ్చిన సెట్టింగులన్నీ వీటన్నిటికీ పైన కూర్చుంటాయి. ఆ పై వరసలో మొదటి మెట్టు భాషవారీ డిఫాల్ట్, అంటే ఎక్స్‌టెన్షన్ ఇచ్చేది. పేరుకు డిఫాల్టే. కానీ నేను చేత్తో రాసుకున్న మామూలు సెట్టింగును దాటేస్తుంది. నా లెక్కలో అన్ని తగాదాలకూ మూలం ఇదే.

నాకు ఇది తెలిసింది మార్క్‌డౌన్ (మామూలు టెక్స్ట్‌లోనే గుర్తులతో శీర్షికలు, జాబితాలు రాసే పద్ధతి) ఫైలు దగ్గర. తెలుగు వ్యాసంలో పేరా మొత్తం ఒకే వరస. వర్డ్ ర్యాప్ లేకపోతే అది కుడివైపు తెర దాటి పోతుంది. ఒక్కోసారి నాకు అదే కావాలి, పేరాకో వరస చొప్పున కనిపిస్తే రెండు ప్రతులు పోల్చుకోవడం తేలిక. అందుకని యూజర్ సెట్టింగుల్లో వర్డ్ ర్యాప్ ఆఫ్ అని రాశాను. టెక్స్ట్ ఫైలులో మాట విన్నది. మార్క్‌డౌన్‌లో పేరా మడత పడుతూనే ఉంది. సేవ్ చేశాను, మూసి తెరిచాను, స్పెల్లింగ్ చూసుకున్నాను. ఎడిటర్‌తో పాటే వచ్చే మార్క్‌డౌన్ ఎక్స్‌టెన్షన్ ఆ భాషకు వర్డ్ ర్యాప్ ఆన్ అని పెట్టుకుని ఉందని తెలియడానికి ఒక పూట పట్టింది. ఆ భాష పేరు చదరపు బ్రాకెట్లలో వేసి, దాని కింద ఆఫ్ అని మళ్లీ రాస్తేగానీ లొంగలేదు.

ఎక్స్‌టెన్షన్ రాసేవాళ్ల వాదనలోనూ సత్తువ ఉంది. గో భాషలో ఇండెంట్‌కు ట్యాబే వాడతారు, గోఎఫ్ఎంటీ (gofmt) అనే టూల్ కోడ్‌నంతా ఒకే రూపానికి తెస్తుంది. అందుకే గో ఎక్స్‌టెన్షన్ ఆ ఫైళ్లకు స్పేస్‌లు ఆపి, సేవ్ చేయగానే ఫార్మాట్ అయ్యేలా పెడుతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఇది మేలే.

విమ్ అనే పాత ఎడిటర్ వాడేవాళ్లు ఈ దెబ్బ ఎప్పుడో తిన్నారు. 2001లో వచ్చిన 6.0 వెర్షన్‌తో విమ్‌లోకి ఎక్స్‌టెన్షన్ల లాంటి ప్లగిన్లు, ఒక్కో రకం ఫైలుకు వేరుగా ఉండే ఫైల్‌టైప్ ప్లగిన్లు వచ్చాయి. మన సెట్టింగుల ఫైలు విమ్‌ఆర్‌సీని ముందు చదువుతుంది, ప్లగిన్లు ఆ తర్వాత నడుస్తాయి, ఫైలు తెరిచాక ఆ భాష ప్లగిన్ వస్తుంది. చివర వచ్చినవాడిదే మాట. కామెంట్ వరస మీద 'o' కీ నొక్కితే కింది వరసలో కూడా కామెంట్ గుర్తు పడకూడదని ఫార్మాట్ఆప్షన్స్ అనే సెట్టింగులోంచి ఆ అక్షరం తీసేస్తాం. సీ ఫైలు తెరవగానే దాని ప్లగిన్ మళ్లీ చేరుస్తుంది. అయితే అదే 6.0లో 'ఆఫ్టర్' అనే ఫోల్డర్ కూడా ఇచ్చారు. అందులో మనం రాసింది ప్లగిన్ల తర్వాత నడుస్తుంది. ఫలానా ఆప్షన్‌ను చివరిసారి మార్చిన ఫైలేదో వెర్బోస్ సెట్ అని అడిగితే విమ్ చెబుతుంది. చిక్కుతో పాటే విరుగుడు కూడా చేతికిచ్చారు, విమ్ సృష్టికర్త బ్రామ్ మూలెనార్ పనిలో నాకు బాగా నచ్చేది ఈ జాగ్రత్తే.

ఈమ్యాక్స్ అనే మరో ఎడిటర్ వాళ్లు ఇంకో దారి పట్టారు. ప్యాకేజీని (అక్కడి ఎక్స్‌టెన్షన్‌ను) లోడ్ చేసినంత మాత్రాన ఎడిటింగ్ తీరు మారకూడదని, ఆన్ చేసే కమాండ్ వేరుగా ఉండాలని ప్యాకేజీలు రాసే లిస్ప్ భాష మాన్యువల్‌లోనే రాసుకున్నారు. కంట్రోల్ సీ తర్వాత ఒక అక్షరం నొక్కే షార్ట్‌కట్‌లు, ఎఫ్5 నుంచి ఎఫ్9 దాకా కీలు పూర్తిగా వాడేవాళ్లవి, ప్యాకేజీలు తాకకూడదు. ఇవన్నీ మర్యాద మీద నడిచేవే, ఎడిటర్ పట్టుకుని ఆపదు. అయినా హద్దు ఎక్కడో రాసి ఉంది.

వీఎస్ కోడ్‌లో ఇప్పుడు అడుగుతున్నది కూడా అలాంటి హద్దే. వాడేవాడు చేత్తో రాసిన ఏ సెట్టింగైనా ఎక్స్‌టెన్షన్ ఇచ్చే భాషవారీ డిఫాల్ట్ కంటే పైన ఉండాలని. వరస తిప్పేస్తే ఇబ్బంది లేకపోలేదు: ఎప్పుడో ట్యాబ్ సైజు 4 అని రాసి మరిచిపోయినవాళ్ల యామల్ (సెట్టింగులు, డేటా రాసే ఫార్మాట్) ఫైళ్లు, ఇన్నాళ్లూ 2తో నడిచినవి, ఒక్క అప్‌డేట్‌తో మారిపోతాయి. ఈలోగా నాలాంటివాళ్లం ఒక్కో భాషకూ బ్రాకెట్లు వేసి అదే సెట్టింగును మళ్లీ మళ్లీ రాసుకుంటున్నాం. నా సెట్టింగ్స్ ఫైలులో సేవ్ చేయగానే ఫార్మాట్ చేయొద్దన్న వరస ఏడు చోట్ల ఉంది.