పాత ఇంటి పై అంతస్తు రినోవేషన్: మధ్యగోడ చుట్టూ అపోహలు, వాస్తవాలు

హైదరాబాదు పాత కాలనీలలో 1970లలోనూ 80లలోనూ కట్టిన డాబా ఇళ్ళ పై అంతస్తును కొత్తగా మార్చుకోవాలని నన్ను పిలిచేవారిలో చాలామంది ముందుగా అడిగేది మధ్యగోడ గురించే. ఆ గోడ తీసేస్తే హాలు పెద్దదవుతుందని, మేస్త్రి ఫరవాలేదన్నాడని, ఇంజనీరుగా నేను కూడా ఒక మాట చెబితే పని మొదలుపెడతామని అంటారు. కొన్ని ఇళ్ళలో నేను వెళ్ళేసరికే గోడ సగం పగలగొట్టి ఉంటుంది.

అపోహ: తొమ్మిది అంగుళాల గోడే బరువు మోస్తుంది, నాలుగున్నర అంగుళాల గోడ ఉత్త అడ్డుగోడ. పైగా స్లాబు వేసి నలభై ఏళ్ళు దాటింది కాబట్టి అది బిగుసుకుపోయి తనంతట తానే నిలబడుతుంది.

వాస్తవం: పిల్లర్లు, బీములు ఉన్న ఇంటికి ఈ మాట కొంతవరకు వర్తిస్తుంది. పిల్లర్లు లేని ఇంట్లో స్లాబుకు గోడలే ఆధారం, నాలుగున్నర అంగుళాల గోడ మీద కూడా స్లాబు పోసిన ఇళ్ళను నేను చూశాను. పక్కపక్కన ఉన్న రెండు పదడుగుల గదుల మీదుగా ఒకే స్లాబు సాగినప్పుడు, స్లాబు అడుగున పరిచిన ఇనుప కడ్డీలలో దాదాపు సగాన్ని మధ్యగోడ దగ్గర క్రాంక్ చేసి, అంటే ఏటవాలుగా వంచి, స్లాబు పైభాగానికి లేపేవారు. గోడ మీద ఆనిన చోట స్లాబును సాగదీసి లాగే బలం దాని పైభాగాన ఉంటుంది కనుక అది సరైన పద్ధతే. ఆ గోడ తీసేసిన రోజున అదే చోటు ఇరవై అడుగుల స్లాబుకు నట్టనడుమ అవుతుంది, లాగే బలం అడుగుకు మారుతుంది, కడ్డీలు మాత్రం పైనే ఉండిపోతాయి. ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే స్లాబును వంచే బలం సుమారు నాలుగు రెట్లవుతుంది. నలభై ఏళ్ళ వయసు ఈ లెక్కను మార్చలేదు. ఆ స్లాబు మీద పిట్టగోడ, 1000 లీటర్ల ట్యాంకు కూడా ఉంటే ఆ నీటి బరువే ఒక టన్ను.

గోడ తీసి వారమైనా ఏమీ కాలేదని ధైర్యం చెప్పేవారిని నమ్మవద్దు. బరువు కింద ఉన్న కాంక్రీటు నెలలు, ఏళ్ళ తరబడి మెల్లగా కుంగుతుంది.

బర్కత్‌పురాలో రిటైరైన ఒక ఉపాధ్యాయ దంపతుల ఇంట్లో, కొడుకు పెళ్ళికి ముందే హాలు సిద్ధం కావాలన్న తొందరలో పై వరుస ఇటుకలు తీసేశారు. సీలింగు అడుగున గోడ పొడవునా సన్నని చీలిక కనిపించింది. ఆ పెద్దమ్మగారు “బాబూ, రాత్రంతా నిద్ర పట్టలేదు, కింద పడుకున్నా భయమే” అన్నప్పుడు నాకు ఆ మేస్త్రి మీద కోపం వచ్చింది, ఆవిడ మీద జాలి కలిగింది. ఆ సాయంత్రమే స్లాబును తాత్కాలికంగా మోసే జాకీలు (ఇనుప ఊతాలు) పెట్టించాను. పై అంతస్తులో పెట్టిన జాకీల బరువు కింది ఇంటి స్లాబు మీద పడుతుంది కాబట్టి, వాటికి సరిగ్గా కింద మరో వరుస పెట్టాకే మిగిలిన పని సాగనిచ్చాను. తరువాత స్లాబుకు ఆనించి ఇనుప ఐ-గర్డరు ఎక్కించి, రెండు కొసల కిందా కాంక్రీటు దిమ్మెలు పోసి, గర్డరుకూ స్లాబుకూ మధ్య సందును కుంచించుకుపోని గ్రౌటుతో (సందులు నింపే మసాలాతో) నింపించాను. ఆ దిమ్మెల కింద కింది అంతస్తులో గోడ ఉందో, కిటికీ ఉందో చూడకుండా ఈ పని చేయకూడదు.

గోడ ముట్టుకునే ముందు చూడవలసినవి కష్టమైనవి కావు. గోడ పైకొసన ప్లాస్టరు కొద్దిగా చెక్కితే ఇటుక స్లాబును గట్టిగా తాకుతున్నదీ లేనిదీ కనబడుతుంది, రీబార్ లొకేటరుతో (కాంక్రీటులోని కడ్డీలు ఎక్కడున్నాయో చూపే పరికరంతో) చూస్తే ప్రధాన కడ్డీలు ఆ గోడను దాటుకుంటూ పోతున్నాయో లేదో తెలుస్తుంది. దాటుతున్నాయంటే ఆ గోడ బరువు మోస్తున్నట్టే లెక్క. షాబాదు బండలతోనో, ఇనుప గర్డర్ల మధ్య ఇటుక కమానులతోనో వేసిన కప్పు అయితే పద్ధతి పూర్తిగా వేరు, దానిని ఇంజనీరు ఇంటికి వచ్చి చూసి తీరాలి.

గోడను ఒకచోట తీసి మరొకచోట కట్టడం వల్ల బరువు పెరగదని కూడా అంటారు. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ రెండు టన్నులకు పైగా తూగుతుంది, కింద గోడ లేని చోట ఆ బరువంతా స్లాబు మీదే పడుతుంది. తప్పదనుకుంటే తేలిక బ్లాకులు వాడాలి, అవి ఇటుకలో సుమారు మూడో వంతు బరువే ఉంటాయి.

మొజాయిక్ మీదనే రెండంగుళాల మసాలా వేసి టైల్స్ పరిస్తే చదరపు మీటరుకు 100 కిలోలకు పైగా బరువు చేరుతుంది. ఇంటి గదులకు మనుషులు, సామాను కలిపి లెక్కలో పెట్టుకునే భారమే చదరపు మీటరుకు 200 కిలోలు. అందుకే పాత ఫ్లోరింగు తీయించడమో, టైల్ అధెసివ్‌తో పలుచగా అతికించడమో మేలు.

సీలింగు పెచ్చులూడితే ప్లాస్టరు పూస్తే సరిపోదు. లోపల తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి కాంక్రీటును తోస్తుంది కాబట్టి, పైనుంచి దిగే నీటిని ఆపి, కడ్డీని శుభ్రం చేసిన తరువాతే పూత. ప్లాస్టరులో వెంట్రుకవాసి పగుళ్ళు మాత్రమే ఉన్నవారు ఇల్లు కూలుతుందని భయపడనక్కరలేదు. వాటి రెండు కొసలా పెన్సిలుతో గీత పెట్టి, తేదీ రాసి, కొన్ని నెలలు గమనించండి. ఆ గీతలు దాటి సాగితే ఇంజనీరును పిలవండి.