బదహోస్ కోట: కొన్ని అపోహలు - వాస్తవాలు

పాత కోటల గోడలు బాగుచేయడం నా పని, అందులోనూ ముఖ్యంగా మట్టిగోడలు. ఈ పని నేర్చుకునే రోజుల్లో కొన్ని నెలలు స్పెయిన్‌లోని బదహోస్‌లో ఉన్నాను. పోర్చుగల్ సరిహద్దు అక్కడికి ఆరు కిలోమీటర్లే. లక్షన్నర జనాభా ఉన్న ఊరు, పక్కన గ్వాదియానా నది, కొండమీద కోట. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి మనవాళ్లు ‘బడాజోజ్’ అని చదువుతుంటారు. స్పానిష్‌లో ఆ ‘జె’ అక్షరాన్ని ‘హ’ అని పలుకుతారు.

స్పెయిన్ వెళ్లొచ్చానంటే అందరూ బార్సిలోనా గురించే అడుగుతారు. బదహోస్ పేరు విన్నవాళ్లు తక్కువ. విన్నవాళ్లు చెప్పే మాటల్లో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా తప్పులు. కోట దగ్గరికి వెళితే నేను మొదట చూసేది ఆ గోడ ఎటువైపు నుంచి ప్రమాదం వస్తుందని అనుకుంది, నిజంగా ఎటునుంచి వచ్చింది అన్నదే. ఈ ఊరి విషయంలో ఆ రెండూ కలిసిన సందర్భాలు చాలా తక్కువ.

అపోహ: ఇది రోమన్లు కట్టిన నగరం.

వాస్తవం: ఈ అపోహకు ఊరివాళ్ల పేరే ఒక కారణం. బదహోస్ మనుషుల్ని స్పానిష్‌లో ‘పసెన్సే’ అంటారు. రోమన్ల కాలపు ‘పాక్స్’ అనే ఊరు ఇదేనని పాతకాలపు పండితులు పొరబడ్డారు, ఆ మాట అలాగే నిలిచిపోయింది. నిజానికి పాక్స్ జూలియా అన్నది ఇప్పటి పోర్చుగల్‌లోని బేజా. ఈ చుట్టుపక్కల రోమన్ల మహానగరం ఏదంటే, నదికి ఎగువన అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న మేరిదా.

బదహోస్ కొండమీద అంతకుముందు కూడా మనుషులు నివసించిన ఆనవాళ్లున్నాయి. కానీ దాన్ని నగరం చేసింది ఇబ్న్ మర్వాన్ అల్ జిల్లికి, 875లో. అతనిది ఇస్లాంలోకి మారిన స్థానిక కుటుంబం. అప్పటి ముస్లిం స్పెయిన్‌ను ఏలుతున్న కోర్దొబా ఎమీర్‌మీద తిరగబడి, పోరాడి, చివరికి ఇక్కడ స్థిరపడే హక్కు సంపాదించాడు. అరబిక్‌లో ఈ ఊరు ‘బతల్యౌస్’. అంటే ఈ కోట మొదట భయపడింది తన పాలకుడికే, సరిహద్దు అవతలి శత్రువుకు కాదు. సరిహద్దు దాటితే పోర్చుగల్‌లో మార్వాఁవ్ అనే కొండకోట ఉంది. దాని పేరూ ఈ ఇబ్న్ మర్వాన్ నుంచే వచ్చింది. రెండు దేశాల్లో రెండు ఊళ్లు ఒకే మనిషిని తమ మూలపురుషుడిగా చెప్పుకుంటాయి.

అపోహ: అల్కసాబా రాతికోట.

వాస్తవం: ఫొటోల్లో చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అల్కసాబా అంటే కొండమీది లోపలికోట, దాదాపు ఇరవై ఎకరాలు. ఇప్పుడు మనం చూసే గోడల్లో ఎక్కువ భాగం 12వ శతాబ్దం రెండో సగంలో, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన అల్మొహాద్ అనే ముస్లిం పాలకులు కట్టించినవి. అక్కడక్కడ రాళ్లు వాడారు కానీ గోడ ఒళ్లంతా మట్టి. మెత్తటి బురద మట్టి అనుకోవద్దు, దిమ్మిస వేసి గట్టిపరిచిన మట్టి.

దగ్గరికి వెళ్లి చూస్తే ఎలా కట్టారో గోడే చెబుతుంది. ఇప్పుడు కాంక్రీటుకు సెంట్రింగ్ కొట్టినట్టే, రెండువైపులా చెక్కలు నిలబెట్టి, అవి పక్కకు పోకుండా గోడ అడ్డంగా కర్రలు దూర్చేవారు. మధ్యలో మట్టి, గులకరాళ్లు, సున్నం కలిపి జానెడులోపు పొరగా పోసి, మనిషి లోపల నిలబడి దిమ్మిసతో కొట్టేవాడు. ఆ పొర బిగిశాక ఇంకో పొర. నడుమెత్తు వచ్చాక చెక్కలు విప్పి పైకి జరిపేవారు. అడ్డకర్రలు పుచ్చిపోయిన చోట వరసగా బొక్కలు మిగిలాయి. మొదటిరోజు వాటిని తుపాకీ గుళ్లు తగిలిన గుర్తులనుకున్నాను. వరస తప్పకుండా, సమానమైన ఎడంతో ఉండటం చూశాక విషయం అర్థమైంది. ఒక బొక్కలో వేలు పెట్టి చూస్తే లోపల కర్ర గరుకు అచ్చు ఇంకా తగులుతుంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి కర్ర అచ్చు అది. ఆ రోజు పని పక్కనపెట్టి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఇంకో విశేషం ఏమిటంటే, అల్మొహాద్ మేస్త్రీలు మట్టిగోడమీద తెల్ల సున్నంతో అడ్డంగా, నిలువుగా వెడల్పాటి పట్టీలు దిద్దేవారు. దూరం నుంచి వచ్చే సైన్యానికి అవి పెద్దపెద్ద చెక్కుడు రాళ్లలా కనబడతాయి. ఈ పట్టీలు అతుకుల దగ్గర వాననీరు దిగకుండా కూడా కాపాడతాయి. అందానికీ, భయపెట్టడానికీ, గోడ ఆరోగ్యానికీ ఒకే పూత సరిపోయేది.

ఈ గోడలకు అసలు శత్రువు సిమెంటు. నేను పనిలో కొత్తగా ఉన్నప్పుడు మన దగ్గర ఒక పాత గడీ మట్టిగోడకు ‘గట్టిగా ఉంటుంది’ అని సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. వద్దని చెప్పినా వినలేదు. మట్టిగోడ తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదలాలి. సిమెంటు ఆ దారి మూసేసింది. రెండు వానాకాలాలు గడిచేసరికి ప్లాస్టరు పలకలు పలకలుగా ఊడి, తనతోపాటు జానెడు మందం మట్టిని లాక్కొచ్చింది. బాగున్న గోడను బాగుచేయబోయి చెడగొట్టుకున్నాం. బదహోస్‌లో నేను నేర్చుకున్న మొదటి పాఠం సున్నం నానబెట్టడం, రెండోది తొందరపడకపోవడం.

అపోహ: ఇక్కడి ఎనిమిది మూలల బురుజు సెబియా (సెవిల్) నగరంలోని బంగారు బురుజుకు నకలు.

వాస్తవం: వరస తిరగబడింది. బదహోస్ బురుజు 12వ శతాబ్దానిది, సెబియాది 1220 ప్రాంతంలో కట్టింది. బదహోస్ బురుజు పేరు ‘ఎస్పాంతపెర్రోస్’, అంటే కుక్కల్ని బెదరగొట్టేది. దానిలో ఉండే గంట మోతకు కుక్కలు హడలిపోయేవని ఊళ్లో చెబుతారు. కోటగోడకు ఆనుకుని కాకుండా బయటికి వచ్చి నిలబడింది, ఒక అడ్డగోడ మాత్రమే దాన్ని కోటతో కలుపుతుంది. గోడ మొదట్లోకి చేరిన శత్రువును పక్కనుంచి కొట్టడానికే ఈ ఏర్పాటు.

అపోహ: ఈ కోట మొదటినుంచీ పోర్చుగల్‌ను ఆపడానికే ఉంది.

వాస్తవం: మొదట్లో పోర్చుగల్ అనే దేశమే లేదు. 11వ శతాబ్దంలో అఫ్తసిద్ వంశపు ముస్లిం రాజులు బదహోస్ రాజధానిగా ఏలినప్పుడు ఇప్పటి లిస్బన్ కూడా వాళ్ల రాజ్యంలోదే. 1086 అక్టోబరులో ఊరికి దగ్గర్లోనే జల్లాకా యుద్ధం జరిగింది. ఇక్కడి ముస్లిం రాజులకు సాయంగా ఆఫ్రికా నుంచి వచ్చిన అల్మొరావిద్‌లు కాస్తీల్ క్రైస్తవ రాజు ఆరో అల్ఫోన్సోను ఓడించారు. సాయానికి వచ్చిన ఆ అల్మొరావిద్‌లే 1094లో బదహోస్‌ను మింగేసి, రాజును చంపారు.

1169 సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. పోర్చుగల్ మొదటి రాజు అఫోన్సో హెన్రీకెస్ ఊరిని దాదాపు పట్టుకున్నాడు. అప్పుడు లోపలి ముస్లిం సైన్యానికి సాయంగా వచ్చినవాడు లియోన్ క్రైస్తవ రాజు రెండో ఫెర్నాందో, స్వయానా అఫోన్సోకు అల్లుడు. పారిపోతూ అఫోన్సో కోట గుమ్మం దగ్గర కాలు విరగ్గొట్టుకుని అల్లుడి చేతికి చిక్కాడు. దీన్ని రెండు మతాల యుద్ధంగా మాత్రమే చెప్పేవాళ్లు ఈ ఒక్క ఘట్టాన్ని ఎక్కడ పెడతారో నాకు తెలియదు.

1230లో లియోన్ రాజు తొమ్మిదో అల్ఫోన్సో ఊరిని గెలిచాడు. పోర్చుగల్ భయం అసలుగా మొదలైంది 1640లో, పోర్చుగల్ స్పెయిన్ నుంచి విడిపోయినప్పుడు. 1658లో పోర్చుగీసు సైన్యం నెలల తరబడి ముట్టడించి వెనుదిరిగింది. ఫిరంగులకు తట్టుకునేలా పొట్టిగా, మందంగా, కోణాలతో ఉండే ఎనిమిది బురుజుల వలయం ఆ యుద్ధాల తర్వాత వచ్చిందే. నదికి అవతలి గట్టున శాన్ క్రిస్తోబాల్ కోట ఆ యుద్ధాల రోజుల్లోనే కట్టింది. బదహోస్‌లో అల్కసాబా ఒక కాలం, కింది బురుజులు ఇంకో కాలం. రెంటికీ మధ్య అయిదు వందల ఏళ్లున్నాయి. గైడ్లు రెండింటినీ కలిపి ‘పాత కోట’ అనేస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: 1812లో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ ఈ ఊరిని ఫ్రెంచివాళ్ల నుంచి విడిపించాడు.

వాస్తవం: కోటను గెలిచాడు. ఊరికి దక్కింది మాత్రం విముక్తి కాదు.

1811 మార్చిలో నెపోలియన్ సైన్యం బదహోస్‌ను పట్టుకుంది. ఊరిని కాపాడుతూ స్పానిష్ గవర్నర్ మెనాచో పోరులోనే చనిపోయాడు. ఏడాది తర్వాత, 1812 మార్చి 16న, వెల్లింగ్టన్ సైన్యం ముట్టడి మొదలుపెట్టింది. లోపల దాదాపు అయిదు వేల మంది ఫ్రెంచి సైనికులు, వాళ్ల అధిపతి ఫిలిప్పాఁ. అతని దగ్గర మంచి ఇంజనీర్లున్నారు. ఊరి పక్కన పారే రివియాస్ వాగుకు అడ్డుకట్ట వేయించి, తూర్పున గోడ ముందు నీళ్లు నిలబెట్టాడు. ఫిరంగులు శాంతా మరియా, త్రినిదాద్ బురుజుల దగ్గర గోడకు గండ్లు పెట్టాయి. ఫ్రెంచివాళ్లు ఆ గండ్లలో దూలాలకు కత్తి అలుగులు బిగించి అడ్డంగా పడేశారు, మేకుల పలకలు పరిచారు, కింద మందుగుండు పాతారు.

ఏప్రిల్ 6 రాత్రి గండ్లమీదికి మళ్లీ మళ్లీ వెళ్లిన దండు మళ్లీ మళ్లీ కూలిపోయింది. అక్కడ ఒక్కరూ లోపలికి వెళ్లలేకపోయారు. ఊరు పడింది వేరేచోట. అల్కసాబా గోడ ఎత్తు, కొండ నిటారు, అటువైపు ఎవరూ రారని తక్కువమందిని పెట్టారు. వెల్లింగ్టన్ కింది సేనాని పిక్టన్ దళం అక్కడే నిచ్చెనలు వేసి లగ్గలు పట్టింది. ఇంకో దళం పడమర చివర శాన్ విసెంతే బురుజు ఎక్కింది. అంతా గండ్ల దగ్గర కాచుకుని ఉంటే, శత్రువు గండి లేని చోట్ల నుంచి వచ్చాడు. ముట్టడి మొత్తంలో వెల్లింగ్టన్ వైపు 4,500 మందికి పైగా చనిపోవడమో గాయపడటమో జరిగింది, అందులో ఎక్కువమంది ఆ ఒక్క రాత్రే. తెల్లవారి శవాల్ని చూసి వెల్లింగ్టన్ ఏడ్చాడని ఆయన దగ్గరివాళ్లే రాశారు.

తర్వాత జరిగింది చాలామంది చెప్పరు. ఊరి జనం స్పానిష్‌వాళ్లు, అంటే బ్రిటిష్‌వాళ్లకు మిత్రులు. అయినా గెలిచిన సైనికులు మూడు రోజులదాకా ఇళ్లమీద పడి దోచారు, చంపారు, ఆడవాళ్లను చెరిచారు. ఇద్దరు అక్కచెల్లెళ్లు పారిపోయి బ్రిటిష్ శిబిరంలో ఆసరా అడిగారు. చిన్నది హువానా, పద్నాలుగేళ్ల పిల్ల. కొద్దిరోజులకే హ్యారీ స్మిత్ అనే అధికారిని పెళ్లాడింది. దక్షిణాఫ్రికాలోని లేడీస్మిత్ పట్టణానికి ఆమె పేరే పెట్టారు.

ఈ వెల్లింగ్టన్ మనకు కొత్తవాడు కాదు. 1799లో శ్రీరంగపట్నం మీదికి హైదరాబాద్ నిజాం సైన్యంతో కలిసి నడిచిన ఆర్థర్ వెల్లెస్లీ ఇతనే. ఆ కోట పడ్డాక దోపిడీ చేస్తున్నవాళ్లలో కొందరిని ఉరితీయించి, ఊళ్లో అదుపు తెచ్చాడు. ఎలా ఆపాలో అతనికి తెలుసు. బదహోస్‌లో ఉరికొయ్యలు నిలబెట్టడానికి రోజులు పట్టాయి. నేను దీన్ని చిన్న తప్పుగా చూడలేను.

అపోహ: గోడల్ని ఫిరంగులే కూల్చాయి.

వాస్తవం: గండ్లు పూడ్చుకున్నారు. ఇప్పుడు మీకు కనబడే ఖాళీల్లో ఎక్కువ భాగం 20వ శతాబ్దంలో రోడ్లకూ, కొత్త పేటలకూ దారి కోసం మునిసిపాలిటీ కొట్టేసినవి.

అయినా గోడ చివరి యుద్ధం కూడా ఆ శతాబ్దంలోనే జరిగింది. స్పెయిన్ అంతర్యుద్ధం మొదలైన 1936లో, ఆగస్టు 14న, యాగ్వే అనే అధికారి నడిపిన ఫ్రాంకో పక్షం సైన్యం ఊరిమీద పడింది. లోపల ఉన్నది రిపబ్లిక్ ప్రభుత్వ పక్షం. భీకరమైన దాడి జరిగిన చోటు త్రినిదాద్ గుమ్మం, 1812లో గండి పడిన మూల పక్కనే. పట్టుబడినవాళ్లను శాన్ రోకే బురుజులో కట్టిన ఎద్దుల పోటీల మైదానానికి తోలి, అక్కడా ఊళ్లో ఇతరచోట్లా కాల్చి చంపారు. ఎంతమంది అన్నదానిలో చరిత్రకారుల లెక్కలు కలవవు. లోపలికి వెళ్లి చూసి ప్రపంచానికి చెప్పినవాళ్లలో మారియో నెవెస్ అనే పోర్చుగీసు విలేకరి ఒకరు. ఆ మైదానాన్ని తర్వాత కూల్చి, అదే గుండ్రటి చోట సమావేశ మందిరం కట్టారు, 2006లో తెరిచారు. కట్టడంగా అది చాలా బాగుంటుంది. కానీ నేను అక్కడికి వెళ్లిన ప్రతిసారీ నేలవైపే చూశాను.

అపోహ: ఇది ఎస్త్రెమదూరా ప్రాంతానికి రాజధాని.

వాస్తవం: రాజధాని మేరిదా. బదహోస్ ఆ ప్రాంతంలో పెద్ద నగరం, తన జిల్లాకు కేంద్రం.

అపోహ: సరిహద్దు అవతలివాళ్లకూ వీళ్లకూ పడదు.

వాస్తవం: ‘స్పెయిన్ నుంచి మంచి గాలీ రాదు, మంచి సంబంధమూ రాదు’ అని పోర్చుగీసు సామెత ఉంది. కానీ 1729 జనవరిలో రెండు రాజకుటుంబాలు బదహోస్ పక్కన సరిహద్దుగా పారే కాయా వాగుమీద ఎదురెదురుగా వచ్చి, ఒకరి పిల్లను మరొకరు కోడలిగా తీసుకెళ్లారు. అంతర్యుద్ధం తర్వాత స్పెయిన్‌లో సరుకులు కరువైనప్పుడు పోర్చుగల్‌లోని కంపో మయోర్ నుంచి కాఫీ మూటలు వీపున కట్టుకుని రాత్రిళ్లు పొలాలకు అడ్డంపడి వచ్చి అమ్మేవారు. పోలీసులకు దొరికితే జైలు, దొరక్కపోతే ఇంట్లో పిల్లలకు అన్నం.

1936లో పారిపోయి వచ్చినవాళ్లను పోర్చుగల్ ప్రభుత్వం చాలామందిని వెనక్కి అప్పగించింది, అదీ నిజమే. కానీ బారాంకోస్ దగ్గర ఒక పోర్చుగీసు అధికారి వందల మందిని కాపాడాడు, దానికి శిక్ష కూడా పడింది.

ఇప్పుడు కాయా దాటుతుంటే ఆపేవాళ్లు లేరు. అవతలికి వెళ్తే గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి, అంతే. అవతల మొదటి పెద్ద ఊరు ఎల్వాస్, అదీ కోటనగరమే. 1658లో ఈ రెండు కోటలూ ఒకదాన్నొకటి ముట్టడించుకున్నాయి. 2006లో ఎల్వాస్ ఆసుపత్రిలో పురుళ్ల విభాగం మూసేశారు. అప్పటినుంచి ఎల్వాస్ ఆడవాళ్లు నొప్పులొస్తే బదహోస్ వస్తారు. పోర్చుగీసు పిల్లలు బదహోస్‌లో పుట్టి, రెండోరోజో మూడోరోజో తల్లి ఒళ్లో సరిహద్దు దాటి ఇంటికి వెళ్తారు.