కంటి డాక్టరుకు గురక సంగతి ఎందుకు చెప్పాలి?

షుగర్ వల్ల చూపు తగ్గితే నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చాలామంది చెన్నైకే వస్తారు. ఇక్కడ జరిగిన క్యూర్స్, ఎస్ఎన్-డ్రీమ్స్ సర్వేల్లో, నగరంలోని షుగర్ పేషెంట్లలో దాదాపు 18 శాతం మందికి రెటీనా (కంటి వెనక చూపునిచ్చే పొర) దెబ్బతిన్నట్టు తేలింది. కంటి పరీక్షకు వెళ్తే షుగర్, బీపీ ఎంతున్నాయో అడుగుతారు. గురక మాట మాత్రం అరుదుగా వస్తుంది. కంటి వైద్యం, నిద్ర వైద్యం చాలాకాలం వేర్వేరు దారుల్లో నడిచాయి మరి.

రెటీనాను నేరుగా చూసే పరికరం 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ చేతుల మీదుగా వచ్చింది. ఆక్సిజన్ అందని రెటీనా ఏదో పదార్థాన్ని వదులుతుందని, దానివల్లే పిచ్చి రక్తనాళాలు మొలుస్తాయని 1948లో కంటి వైద్యుడు మైకేల్సన్ ఊహించాడు. ఆ పదార్థం ప్రధానంగా వీఈజీఎఫ్ అనే ప్రొటీనేనని 1994 నాటికి ఆధారాలు దొరికాయి. ఇప్పుడు కంట్లో వేసే ఇంజెక్షన్లు దాన్ని అడ్డుకునేవే.

గురక పెట్టేవారిలో తరచూ కనిపించే స్లీప్ ఆప్నియాను, అంటే నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోవడాన్ని, 1965లో ఫ్రాన్స్, జర్మనీ పరిశోధకులు విడివిడిగా రికార్డు చేశారు. మాస్కుతో గాలి పంపే సీపాప్ చికిత్సను 1981లో సిడ్నీకి చెందిన డాక్టర్ సలివన్ ప్రకటించాడు.

రెండు దారులూ కలిసేది ఆక్సిజన్ దగ్గరే. రెటీనాలో మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలకు వెలుతురులో కన్నా చీకట్లో ఎక్కువ ఆక్సిజన్ కావాలి. అసలే షుగర్‌తో సన్నని రక్తనాళాలు పాడైన కంటికి, సరిగ్గా ఆ వేళలోనే ఊపిరి ఆగి రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంటే ఎలా? బర్మింగ్‌హామ్ పరిశోధకులు టైప్ 2 షుగర్ ఉన్నవారిని కొన్నేళ్లు గమనించి 2017లో ఫలితాలు ప్రచురించారు. స్లీప్ ఆప్నియా ఉన్నవారిలో రెటీనా జబ్బు ఎక్కువగా ముదిరింది. సీపాప్ వాడినవారిలో ఆ ముప్పు తక్కువగా కనిపించింది.

ఆశ పుట్టించే మాటే. కానీ రెటీనా మధ్యభాగంలో నీరు చేరినవారిపై బ్రిటన్‌లో జరిగిన రోసా ట్రయల్‌లో, ఏడాది సీపాప్ ఇచ్చినా చూపు మెరుగుపడలేదని 2018లో తేలింది. అందుకే సీపాప్ మెషిన్ కొన్నాం కదా అని ఇంజెక్షన్లు, లేజర్ ఆపేయడం ప్రమాదం. అలాగని గురకను వదిలేయడమూ సరికాదు. టైప్ 2 షుగర్ ఉన్నవారిలో స్లీప్ ఆప్నియాను పట్టించుకోవాలని అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ 2008లోనే చెప్పింది.

ఊపిరి ఆగుతున్న సంగతి చాలాసార్లు పేషెంటుకే తెలియదు, పక్కన పడుకునేవారికి తెలుస్తుంది. కాబట్టి కంటి పరీక్షకు వాళ్లూ తోడు వెళ్లి, "రాత్రి ఈయనకు ఊపిరి ఆగినట్టవుతోందండీ, నిద్రలో ఊపిరిని గమనించే స్లీప్ స్టడీ చేయించాలా?" అని అడిగితే మంచిది.