పల్లంలో చిల్లు పెట్టొద్దు

పటమట, విజయవాడ

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మన మేడ మీది రేకుల షెడ్డుకి సోలార్ ప్యానెళ్లు బిగించిన ఫోటో మీ అమ్మ చూపించిందట కదా. చిన్నోడు ఫోన్‌లో అడిగాడు: "తాతయ్యా, అంత పల్చటి రేకు అంత బరువు మోస్తుందా? వంగిపోదా?" మంచి ప్రశ్న. ఫోన్‌లో చెబితే సగం కూడా అర్థం కాదని ఉత్తరం రాస్తున్నాను. నలభై ఏళ్లు ఆటోనగర్‌లో ఇనుప షెడ్లు కట్టినవాణ్ణి, ఈ విషయం మీకు సరిగ్గా చెప్పాలని నాకు చాలా ఆశగా ఉంది.

రేకు అసలు మోయదు నాన్నా. దాని మందం అర మిల్లీమీటరు. వాన లోపలికి రాకుండా ఆపడం వరకే దాని పని. మోసేవి దాని కింద అడ్డంగా ఉండే ఇనుప దూలాలు, వాటిని పర్లిన్లు అంటాం. ప్యానెల్‌ని పట్టుకునే ప్రతి స్క్రూ రేకుని దాటి పర్లిన్‌లోకి దిగాలి. ఒట్టి రేకుకి బిగించిన స్క్రూని గట్టిగా లాగితే ఊడి చేతిలోకి వస్తుంది. మరి పైనుంచి చూస్తే పర్లిన్ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? పాత స్క్రూలు ఏ వరసలో ఉన్నాయో చూడాలి, ఆ వరస కిందే పర్లిన్ ఉంటుంది. రేకు మీద నడిచేవాళ్లు కూడా ఆ వరస మీదే అడుగు వేయాలి.

ఇక బరువు సంగతి. మన ఇంటికి మూడు కిలోవాట్లకి ఆరు ప్యానెళ్లు పెట్టాం, మూడేసి చొప్పున రెండు వరసలు. ఒక్కోటి సుమారు 28 కిలోలు. కింద ఉండే అల్యూమినియం పట్టీలతో కలిపినా మొత్తం రెండు వందల కిలోల దగ్గర్లోనే ఉంటుంది. అంత వెడల్పున పరుచుకున్న బరువు మన షెడ్డుకి లెక్క కాదు. నాకు భయమంతా గాలి గురించే. గాలి కిందికి తొయ్యడమే కాదు, పైకి కూడా లేపుతుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను పనిలో చేరిన కొత్త. ఆ తర్వాత అటు వెళ్తే తాటిచెట్టు మొదలుకి గుడ్డలా చుట్టుకుపోయిన రేకుని చూశాను. అది ఎవరింటి రేకో చెప్పగలిగేవాళ్లు కూడా అక్కడ లేరు. ఇన్నేళ్లలో ఏ షెడ్డు కట్టినా ఆ రేకే నాకు కళ్లముందు మెదిలేది.

విజయవాడలో ఏదైనా కట్టేటప్పుడు సెకనుకు 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోవాలని ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం చెబుతుంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరుకి దాదాపు 150 కిలోల బలం చూపగలదు. ఒక్కో ప్యానెల్ రెండున్నర చదరపు మీటర్ల పైనే ఉంటుంది. 28 కిలోల ప్యానెల్‌ని దాదాపు నాలుగు వందల కిలోల బలం లాగుతుందన్నమాట! ఆరింటికీ కలిపి 24 బిగింపులు పెట్టించాను. ఒక్కోదాని వాటాకి వంద కిలోలు పడుతుంది.

ప్యానెళ్లని ఇంకా కాళ్ల మీద ఎత్తి, 16 డిగ్రీల వాలు పెడదామని పనివాళ్లు అన్నారు. వాలు ఊరి అక్షాంశానికి దగ్గరగా ఉంటే ఎండ బాగా పడుతుంది, మన ఊరు ఉత్తర అక్షాంశం పదహారున్నర డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి ఆ లెక్క తప్పు కాదు. కానీ మన రేకుకి దక్షిణంగా పది డిగ్రీల వాలు ఎలాగూ ఉంది. తేడా వల్ల పోయే కరెంటు చాలా కొద్ది. ఎత్తి పెడితే గాలికి తెరచాప కట్టినట్టే. రేకుతో పాటే పడుకోబెట్టమన్నాను. మూలల్లో, అంచుల్లో గాలి లాగుడు ఎక్కువ కాబట్టి చుట్టూ చోటు వదిలించాను. రేకుకీ ప్యానెల్‌కీ మధ్య మాత్రం నాలుగంగుళాల ఖాళీ, అంటే బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. రోహిణి కార్తె ఎండలో ప్యానెల్ 65 డిగ్రీల దాకా కాగుతుంది. 25 డిగ్రీలు దాటాక పెరిగే ఒక్కో డిగ్రీకి సుమారు 0.35 శాతం కరెంటు తగ్గుతుంది. కింద గాలి ఆడితే ఆ నష్టం కొంత తగ్గుతుంది, గది కూడా చల్లబడుతుంది.

ఇప్పుడు అసలు మాట. రేకుకి ఎత్తులూ పల్లాలూ ఉంటాయి కదా, ప్యానెళ్ల కోసం వేసే చిల్లు ఎత్తు మీదే పడాలి. నీరు పల్లమెరుగు అంటారు. ఎత్తు మీద పడ్డ చినుకు జారిపోతుంది, పల్లంలో నీళ్లు గంటల తరబడి పారతాయి. నేను పని నేర్చుకునే రోజుల్లో గుంటూరు దగ్గర ఒక మిర్చి గోడౌన్‌కి తొందరలో పల్లంలో బోల్టులు వేశాను. రెండో వానాకాలానికి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తడిసి మిర్చికి బూజు పట్టింది. ఆ మిర్చి రైతు నన్ను ఒక్క మాట అనలేదు, తడిసిన టిక్కీని విప్పి చూపించాడు. అంతే. ఆ వాసన ఇప్పటికీ మర్చిపోలేను.

స్క్రూ కింద రబ్బరు వాషరు ఉంటుంది. బిగిస్తే దాని అంచు కొద్దిగా ఉబ్బాలి, నలిగి బయటికి రాకూడదు. చిల్లు పెట్టినప్పుడు రాలిన ఇనుప పొడిని ఆ సాయంత్రమే ఊడ్పించాను. వదిలేస్తే మర్నాటి మంచుకే తుప్పు మరకలు మొదలవుతాయి.

పోయిన సెలవుల్లో మేడ మీద పడుకున్నప్పుడు రాత్రి రేకు టక్ టక్ మంటుంటే దెయ్యమని బుజ్జితల్లి నా పక్కలోకి దూరింది, గుర్తుందా? అది ఎండకి సాగిన రేకు చల్లబడి ముడుచుకోవడం. ఆరు మీటర్ల రేకు 20 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకి చేరితే మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. అల్యూమినియం దాదాపు రెట్టింపు సాగుతుంది. అందుకే ఆ పట్టీల మధ్య సందు వదలాలి. సందు లేకపోతే రోజూ సాగుతూ ముడుచుకుంటూ స్క్రూలని అదే వదులు చేసేస్తుంది.

నిమ్మకాయలో రాగి తీగ, జింకు మేకు గుచ్చి స్కూల్లో కరెంటు పుట్టించారు కదా. రేకు మీద పూత జింకే. దానికి రాగి ఎర్తు తీగ తగిలి, మధ్యలో వాన నీళ్లు చేరితే అదే జరుగుతుంది. అక్కడ జింకు కరిగిపోతుంది, ఆ తర్వాత తుప్పు. అందుకని రాగి తీగని రేకుకి తగలకుండా పైపులో దింపించాను.

ఎండ ఉన్నంతసేపూ ఆ తీగల్లో కరెంటు ఉంటుంది, స్విచ్చు కట్టేసినా ప్యానెళ్ల దగ్గర ఆగదు. ఆరూ వరసగా కలిపితే మూడు వందల వోల్టుల దాకా వస్తుంది. మీరు అటు చెయ్యి పెట్టకూడదు. వీధిలో కరెంటు పోతే మాత్రం, ప్యానెళ్ల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే మన ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. ఎండ ఉండగా ఎందుకాగాలని మీ అమ్మమ్మకి కోపం. మన కరెంటు లైనులోకి వెళ్తే స్తంభం మీద పని చేసే లైన్‌మ్యాన్ ప్రాణం పోతుందమ్మా అని చెప్పాను, అప్పుడు శాంతించింది.

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. మంచి ఎండ రోజున పన్నెండు యూనిట్ల దాకా వస్తోంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు షెడ్డులోకి వెళ్లి, టార్చి వేసి కింది నుంచి చూడండి. పర్లిన్ల లోపలి వైపు, పాతవి కాక, ప్యానెళ్ల కోసం వేసిన కొత్త స్క్రూల మొనలు కనిపిస్తాయి. బిగింపుకి రెండు చొప్పున 48 ఉండాలి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. మీరిద్దరూ విడివిడిగా లెక్కపెట్టి నాకు చెప్పండి.

మీ తాతయ్య