డీసీ-10 కథలో అసలు మలుపు 1972 నాటి ఫోన్ కాల్

లూయీవిల్‌లో 2025 నవంబర్ 4న యూపీఎస్ కార్గో విమానం టేకాఫ్ అవుతుంటే ఎడమ ఇంజిన్ పైలాన్‌తో (ఇంజిన్‌ని రెక్కకి పట్టి ఉంచే భాగం) సహా ఊడిపోయింది కదా, అప్పట్నుంచి పాత మూడింజిన్ల విమానాల గొడవ మళ్ళీ లేచింది. కూలింది ఎండీ-11, అంటే డగ్లస్ కంపెనీ పాత విమానం డీసీ-10కి తమ్ముడు, అందుకే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ రెండింటినీ ఎగరొద్దంది. అందరూ 1979 షికాగోని గుర్తుచేస్తున్నారు, అక్కడా ఎడమ ఇంజినే ఊడి 273 మంది పోయారు. కానీ అది ఫోర్క్‌లిఫ్ట్‌తో ఇంజిన్ ఎక్కించిన మెయింటెనెన్స్ తప్పు, లూయీవిల్‌లో దొరికినవి ఫెటీగ్ పగుళ్ళు, అంటే వాడగా వాడగా లోహం అలిసి వచ్చినవి. నన్నడిగితే చూడాల్సింది 1972.

ఆ జూన్ 12న అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 డెట్రాయిట్‌లో లేచిన కాసేపటికే, విండ్సర్ మీద ఉండగా, వెనక కార్గో డోర్ ఎగిరిపోయింది. విమానం నేల మీద ఉండగానే డోర్ పడట్లేదని హ్యాండిల్‌ని మోకాలితో నొక్కి మరీ వేశారు, హ్యాండిల్ పడింది గానీ లాచ్ పూర్తిగా పడలేదు. గాలి ఒక్కసారిగా పోయేసరికి క్యాబిన్ ఫ్లోర్ కుంగి, కింద కంట్రోల్ కేబుల్స్ దెబ్బతిన్నాయి. ఇంజిన్ పవర్‌తోనే విమానాన్ని నడపడం సిమ్యులేటర్‌లో ముందే ప్రాక్టీస్ చేసున్న కెప్టెన్ దొరికాడు కాబట్టి అందరూ బతికారు.

ప్రమాదాల్ని దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ డోర్‌కి మార్పులు చేయాల్సిందే అంది. తప్పనిసరి ఆర్డర్ ఇవ్వాల్సిన ఎఫ్ఏఏ హెడ్ జాన్ షాఫర్ మాత్రం డగ్లస్ ప్రెసిడెంట్ జాక్సన్ మెక్‌గోవెన్‌తో ఫోన్లో మాట్లాడుకుని, కంపెనీయే సరిచేస్తానంటోంది కదా అని సర్వీస్ బులెటిన్‌తో (కంపెనీ ఇచ్చే సూచన, తప్పనిసరి కాదు) సరిపెట్టాడు. పెద్దమనుషుల ఒప్పందం అన్నమాట. లాక్‌హీడ్ ట్రైస్టార్‌తో అమ్మకాల పోటీ నడుస్తున్న టైం మరి. అదే నెల్లో, డోర్ చేసిన కాన్వేర్ కంపెనీ ఇంజినీర్ డాన్ యాపిల్‌గేట్ మెమో రాశాడు, రాబోయే ఇరవయ్యేళ్ళలో ఈ డోర్లు మళ్ళీ ఊడతాయి, ఊడితే విమానం దక్కదని. ఖర్చు తమ నెత్తిన పడుతుందని పైవాళ్ళు దాన్ని డగ్లస్‌కి పంపనేలేదు.

రెండేళ్ళు కూడా తిరగలేదు. 1974 మార్చి 3న పారిస్ దగ్గర టర్కిష్ డీసీ-10, అదే డోర్, 346 మంది. కంపెనీ వేలు పోయి పోయి డోర్ వేసిన లోడర్ మీద పడింది, వార్నింగ్ చదవలేకపోయాడట. అతనికి మూడు భాషలు చదవడం వచ్చు, స్టిక్కర్ మీదున్న టర్కిష్, ఇంగ్లీషే రావు. పిన్నులు పడ్డాయో లేదో చూడ్డానికి డోర్‌కి చిన్న గాజు కిటికీ ఉంది, అందులోంచి చూడాలని అతనికి ఎవరూ నేర్పలేదు. పైగా మార్పులు చేసేసినట్టు ఫ్యాక్టరీ రికార్డుల్లో ముద్రలు కూడా ఉన్నాయి, పని మాత్రం పూర్తి కాలేదు. తప్పనిసరి ఆర్డర్ ఆ తర్వాత గానీ రాలేదు.

ఇప్పుడు లూయీవిల్‌కి రండి. పైలాన్ వెనక మౌంట్‌లో బేరింగ్ రేస్ (బేరింగ్ చుట్టూ ఉండే రింగు) విరుగుతోందని, డగ్లస్‌ని తనలో కలిపేసుకున్న బోయింగ్ 2011లోనే ఆపరేటర్లకి సర్వీస్ లెటర్ పంపింది, సేఫ్టీకి ముప్పేం లేదని అందులోనే రాసింది. లెటరంటే సలహా, పాటించకపోయినా అడిగేవాళ్ళుండరు. ఇక కూలిన విమానంలో ఆ బేరింగ్‌ని పట్టి ఉంచే లోహపు చెవులకి (లగ్స్) చేయాల్సిన ప్రత్యేక ఇన్‌స్పెక్షన్ అంటారా, షెడ్యూల్ ప్రకారం దానికింకా టైమే రాలేదు.